ఉప్పెన దారిలో ఉన్న పల్లెకు ముందే చేయాల్సిన పనులు

తుఫాను అనగానే అందరూ అడిగేది గాలి వేగం ఎంత అని. తీరంలో ఎక్కువ ప్రాణాలు తీసేది మాత్రం నీళ్లే. 1970 నవంబరులో భోలా తుఫాను ఇప్పటి బంగ్లాదేశ్ మీద పడినప్పుడు తక్కువలో తక్కువ 3 లక్షల మంది పోయారని అంచనా. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు 10 వేల మంది, 1999 అక్టోబరులో ఒడిశాలో దాదాపు అంతే. మూడు చోట్లా ఊళ్లను ఊడ్చేసింది ఉప్పెనే. ఆ ఒడిశా తీరానికే 2013 అక్టోబరులో ఫైలిన్ వస్తే దాదాపు 10 లక్షల మందిని ముందే కదిలించారు; చనిపోయినవాళ్లు 50 లోపు.

అందుకే పేద మత్స్యకార పల్లెలకు సాయపడాలనుకునే సంఘాలు, వలంటీర్లు రెండే రెండు కొలతలు పట్టుకోవాలి: మనిషి ఎంత ఎత్తున ఉన్నాడు, అక్కడికి చేరడానికి ఎన్ని గంటలు పడుతుంది. బియ్యం, దుప్పట్లు, టార్పాలిన్లు అన్నీ ఆ తర్వాతే. తుఫాను వెళ్లిపోయాక పట్టుకొచ్చే లారీ సరుకు కంటే తుఫాను కాలానికి ముందు కొన్న పది మీటర్ల పైపు ఎక్కువ పని చేస్తుంది. ఆ పైపుతోనే మొదలుపెడదాం.

ఎత్తు కొలవడం

ఉప్పెన ఒక పెద్ద అల కాదు. గాలి గంటల తరబడి సముద్రాన్ని ఒడ్డు వైపు నెట్టడంతో నీటిమట్టమే లేస్తుంది. తుఫాను నడుమ పీడనం తగ్గడం వల్ల కూడా నీళ్లు కొంత ఉబుకుతాయి: 1 హెక్టోపాస్కల్ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గితే సుమారు 1 సెంటీమీటరు. పీడనం 50 తగ్గినా అర మీటరే వస్తుంది, మిగతా మీటర్లన్నీ గాలి చలవే. ఒడ్డు దగ్గర సముద్రం లోతు తక్కువైన కొద్దీ, తీరం గరాటులా ముడుచుకున్న కొద్దీ ఎత్తు పెరుగుతుంది. ఉత్తరార్ధగోళంలో తుఫాను నడిచే దారికి కుడిపక్కన ఉన్న ఊళ్లకు ముప్పు ఎక్కువ. పోటు సమయానికి వచ్చిందా, పోటు ఎత్తు కూడా కలుస్తుంది. దీనికి తోడు 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. తాతల కాలంలో గడప దాకా వచ్చి ఆగిన నీళ్లు ఇప్పుడు లోపలికి వస్తాయి.

కాబట్టి ఊళ్లో ఏ ఇంటి గచ్చు పోటు గీత కంటే ఎంత పైన ఉందో తెలియాలి. ఫోన్ జీపీఎస్ చూపించే ఎత్తును నమ్మకండి, మీటర్ల లెక్కన తప్పుతుంది. ఉపగ్రహాల నుంచి తీసిన ఎత్తుల పటాలు కూడా చాలావరకు చెట్ల కొసల్ని, ఇంటి కప్పుల్ని నేలగా లెక్కిస్తాయి. పల్లపు ఊరిని మెరకగా చూపిస్తాయి. తాపీ మేస్త్రీ వాడే లెవెల్ పైపు చాలు.

10 మీటర్ల పారదర్శక పైపు, లోపలి వ్యాసం 8 నుంచి 10 మిల్లీమీటర్లు. 2 మీటర్ల కర్రలు రెండు, వాటి మీద సెంటీమీటరు గీతలు. పైపులో రంగు కలిపిన నీళ్లు నింపి, రెండు చివరలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండు మట్టాలూ ఒకే గీత మీద లేకపోతే లోపల గాలి బుడగ చిక్కుకున్నట్టే. చాలామంది తప్పేది ఇక్కడే. అమావాస్యకో పౌర్ణమికో పోటు దిగుతున్నప్పుడు ఒడ్డున చెత్త వరుసగా మిగిలిన గీత చూసి, అక్కడ ఒక రాట పాతండి. అది మీ సున్నా. అక్కడి నుంచి ఒక కర్ర ముందు, ఒకటి వెనక పెడుతూ, రెండు కర్రల మీద కనిపించే అంకెల తేడా రాసుకుంటూ ఊళ్లోకి నడవండి. 500 మీటర్లకు 50 సార్లు పైపు జరపాలి. ఒక్కోసారి 5 మిల్లీమీటర్లు తప్పినా, అన్నీ ఒకే వైపు తప్పితే పాతిక సెంటీమీటర్లు తేడా వస్తుంది. అందుకే మళ్లీ కొలుచుకుంటూ మొదటి రాట దగ్గరికి రండి; మొత్తం సున్నాకు దగ్గరగా రాకపోతే ఎక్కడో అంకె తప్పు చూసినట్టే.

ఆ తర్వాత కరెంటు స్తంభాల మీద, బడి గోడ మీద, గుడి గోడ మీద పోటు గీతకు 1 మీటరు, 2 మీటర్లు, 3 మీటర్ల ఎత్తులో రంగు పట్టీలు వేయండి. '3 మీటర్ల ఉప్పెన రావచ్చు' అని రేడియోలో చెబితే అంకెగా ఎవరికీ అందదు. బడి కిటికీ పైనున్న ఎర్ర పట్టీని చూపిస్తే ముసలమ్మకు కూడా అర్థమవుతుంది. ఆశ్రయంగా అనుకున్న భవనం గచ్చు ఆ పట్టీ కింద ఉంటే, అది ఎంత గట్టి కాంక్రీటైనా పై అంతస్తు తప్ప పనికిరాదు.

గంటల లెక్క

అధికారిక హెచ్చరికలు వస్తాయి. ఉదాహరణకు భారత వాతావరణ శాఖ తీరంలో వాతావరణం చెడటానికి కనీసం 48 గంటల ముందు తుఫాను అప్రమత్తత, కనీసం 24 గంటల ముందు తుఫాను హెచ్చరిక ఇస్తుంది. జాగ్రత్త కోసం ఆ గంటల్ని తీరం దాటే గంట నుంచే లెక్కిద్దాం. పల్లెకు కావలసింది దాని మీద నిలబడే సొంత గడియారం. దాన్ని వెనక నుంచి కట్టాలి.

తుఫాను తీరం దాటే గంట దాకా దారి నడిచేలా ఉంటుందనుకోకండి. అంతకు 12 గంటల ముందే ఈదురుగాలి మొదలవవచ్చు, మధ్యలో పోటు వస్తే పల్లపు దారి మునుగుతుంది. కాబట్టి ఆ 12 గంటలు లేవనుకోండి. మామూలు రోజున పిల్లలతో గంటకు 3 కిలోమీటర్లు నడిచే కుటుంబం వానలో, బురదలో, చీకట్లో 1 కిలోమీటరే నడుస్తుంది. ఆశ్రయం 2 కిలోమీటర్ల దూరమైతే 2 గంటలు.

ఇప్పుడు నడవలేనివాళ్లు. ఊళ్లో 10 మందిని మోయాలి, ఒక్కొక్కరికి నలుగురు కావాలి, మోసేవాళ్లు 12 మంది ఉన్నారనుకుందాం. ఒక్కసారికి ముగ్గురే వెళ్తారు. 4 విడతలు పడుతుంది. పోవడానికి 2 గంటలు, ఖాళీ చేతులతో రావడానికి 1 గంట. నాలుగు పోకలు, మూడు రాకలు కలిపితే 11 గంటలు. ముందు వదిలేసిన 12 కలిపితే 23. అంటే 24 గంటల హెచ్చరిక వినగానే లేచి బయల్దేరినా మిగిలేది ఒక్క గంట! చాలా ఊళ్ల ప్రణాళికలు విఫలమయ్యేది ఈ లెక్క వేయకపోవడం వల్లే. మందం టైర్లున్న తోపుడు బండి ఒకటి తెస్తే 11 గంటలు సగానికి దిగవచ్చు. లేదా మోయాల్సినవాళ్లను 48 గంటల అప్రమత్తతకే పంపేయాలి. ఆకాశం నీలంగా ఉన్నప్పుడు కదలమంటే వాళ్లు గొణుగుతారు, పట్టించుకోకండి.

ఇంటింటి జాబితా చేత్తో రాసిన పుస్తకంలో ఉండాలి. ఇంటి నంబరు, గచ్చు ఎత్తు, ఎందరు, నెలలు నిండిన గర్భిణి ఎవరు, చంటిబిడ్డలు, చూపు లేదా వినికిడి లేనివాళ్లు, రోజూ మందు వేసుకునేవాళ్లు, వేటకు పోయి సముద్రంలో ఉండేవాళ్లు. ఎవరిని ఎవరు మోస్తారో పేర్లతో రాయండి. 'యువకులు సాయం చేస్తారు' అని రాస్తే ఎవరూ చేయరు. మోసే నలుగురిలో ప్రతి ఒక్కరి చోటుకూ ఇద్దరి పేర్లు రాయండి, ఒకరు వేటలో ఉంటే రెండోవారు ఉంటారు.

కబురు ఒక్క దారిలో రాకూడదు. సెల్ టవర్ బ్యాటరీ అయిపోతుంది, మైకు గాలిలో వినపడదు. బంగ్లాదేశ్‌లో తుఫాను సన్నద్ధత కార్యక్రమం కింద 70 వేలకు పైగా వలంటీర్లు పనిచేస్తున్నారు. ముప్పు పెరిగే కొద్దీ ఒక జెండా, రెండు జెండాలు, మూడు జెండాలు ఎగరేస్తారు, చేతి సైరను తిప్పుతారు, ఇంటింటికీ వెళ్లి చెబుతారు. అందులో సగం మంది ఆడవాళ్లు. దానికి కారణం ఉంది. 1991 ఏప్రిల్ తుఫానులో అక్కడ సుమారు 1,38,000 మంది చనిపోతే, పెద్దవాళ్లలో ఆడవాళ్ల చావులు మగవాళ్ల కంటే బాగా ఎక్కువ. మగవాళ్లు లేనిదే గడప దాటలేకపోవడం, మూకుమ్మడిగా ఒకే గదిలో ఉండాల్సి వస్తుందనే జంకు, చంకలో పిల్లలు. మగ వలంటీరు బజారులో మైకు పట్టుకుని అరిస్తే ఆ కబురు వంటింటి దాకా చేరదు. ఇంటికొచ్చి చెప్పే ఆడమనిషి ఉండాలి, 'ఆశ్రయంలో ఆడవాళ్లకు వేరే గది, వేరే మరుగుదొడ్డి ఉన్నాయి' అని ఆమె ధైర్యంగా అనగలగాలి.

చెప్పాల్సిన మాటల్లో ఒకటి ఎప్పుడూ మరవకండి. గాలి హఠాత్తుగా ఆగి ఆకాశం తేటపడితే తుఫాను పోయినట్టు కాదు, దాని కన్ను పైన ఉన్నట్టు. కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా కొడుతుంది. ఇంటి కప్పు చూసుకుందామని, పశువును విప్పుదామని బయటికి వచ్చినవాళ్లు ఆ రెండో దెబ్బకు దొరికిపోతారు.

భూకంపం సంగతి వేరు. నేల నిలబడలేనంతగా ఊగినా, చాలాసేపు ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కు పోయినా ఏ హెచ్చరిక కోసమూ ఆగకూడదు. ఇండోనేషియాలోని సిములుయె దీవిలో 2004 సునామీనాడు దాదాపు 78 వేల మంది ఉంటే చనిపోయింది ఏడుగురే. 1907లో వచ్చిన సునామీ గురించి అమ్మమ్మలు పాటగా, కథగా చెబుతూ వచ్చారు: నేల ఊగితే కొండ ఎక్కు. సైరను కంటే ముందే ఊరు కదిలింది.

మనిషి ఎందుకు కదలడు

మొండితనమని కొట్టిపారేయకండి. బోటు, వల అప్పు మీద కొన్నవి. ఇంట్లో ఉన్న మేకలే పొదుపు. వాటిని వదిలి రమ్మంటే, ఆస్తి వదిలి రమ్మనడమే. బోటుకు భద్రత చూపిస్తే మనిషి తానే కదులుతాడు, అందుకే పడవల పని మనుషుల తరలింపు కంటే ముందు పూర్తవ్వాలి.

చిన్న ఫైబర్ తెప్పల్ని ఉప్పెన గీత దాటించి మెరకకు లాగి, ఇంజిను దించి, బోర్లించి, పైనుంచి తాళ్లు అడ్డంగా వేసి లోతుగా పాతిన రాట్లకు కట్టాలి. తేలికైన బోటును గాలి అట్టముక్కలా ఎగరేస్తుంది. లాగలేని పెద్ద బోట్లను మడ చెట్లున్న కాలువలోకి తీసుకెళ్లాలి. అక్కడ అందరూ చేసే తప్పు తాడు బిగించి కట్టడం. నీళ్లు 3 మీటర్లు లేస్తే బిగించిన బోటు లేవలేక ముక్కు మునుగుతుంది, లేదా తాడే తెగుతుంది. లంగరు తాడు పొడవు ఉప్పెనతో కలిపిన లోతుకు 5 రెట్లు, వీలైతే 7 రెట్లు. కాలువ లోతు 2 మీటర్లు, వచ్చే నీళ్లు 3 మీటర్లు అనుకుంటే 5 మీటర్లకు కనీసం 25 మీటర్ల మోకు. తాడు అంచుకు రాసుకునే చోట పాత రబ్బరు గొట్టం తొడగండి. మోకు చాలాసార్లు అక్కడే అరిగి తెగుతుంది. పక్కపక్క బోట్లు ఊగినా తగలనంత ఎడం ఉండాలి.

ఇంజిను ఉప్పునీళ్లలో మునిగితే ఎండబెట్టి వెంటనే తిప్పి చూడాలనిపిస్తుంది. తిప్పకండి. గాలి తగిలిన క్షణం నుంచి తుప్పు పరుగెడుతుంది. మంచినీళ్లతో కడిగి, నూనె వంపేసి, సిలిండర్లలో కొత్త నూనె పోసి, చేత్తో తిప్పి, అప్పుడు మెకానిక్‌కు ఇవ్వాలి. మెకానిక్ రావడానికి రోజులు పట్టేలా ఉంటే మంచినీళ్ల డ్రమ్ములో ముంచి ఉంచడమే మేలు. వినడానికి వింతగా ఉన్నా, గాలి తగలకుండా చూడటమే ఇక్కడ అసలు కిటుకు.

ప్రతి వేట కాలం మొదట్లో బోటు నంబరు, ఇంజిను నంబరు, యజమాని కనిపించేలా ఫొటో తీసి ఊరి బయట ఒకరి దగ్గర దాచండి. పరిహారం అడిగినప్పుడు కొట్టుకుపోయిన బోటు ఉండేదని చూపించేది అదే. బోటు కాగితాలు లేనివాళ్లను కూడా జాబితాలో పెట్టండి: చేపలు ఎండబెట్టే, తట్టలో అమ్మే ఆడవాళ్లు, కూలికి వేటకెళ్లేవాళ్లు. పరిహారాలు బోటు యజమానుల దగ్గరే ఆగిపోతాయి. వీళ్ల తట్ట, ఐసు పెట్టె, ఎండబెట్టే పందిరి ఎవరి లెక్కలోనూ ఉండవు.

పశువుల్ని చాలా చోట్ల ఆశ్రయంలోకి రానివ్వరు. ఊరి పక్కన మట్టి దిబ్బ ఉంటే అక్కడికి, లేకపోతే కట్టు విప్పి వదిలేయాలి. కట్టేసిన పశువు మాత్రం బతకదు.

ఇల్లు

గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లు. ఇల్లు పడిపోయేది చాలావరకు గోడ బలం లేక కాదు, కప్పు లేచిపోయాక. కప్పు నుంచి పునాది దాకా గొలుసు తెగకూడదు: రేకు వాసానికి, వాసం దూలానికి, దూలం స్తంభానికి, స్తంభం నేలకు. మేకు పైకి లాగితే ఊడివస్తుంది. ప్రతి వాసాన్నీ గాల్వనైజ్డ్ పట్టీతోనో మెలితిప్పిన తీగతోనో దూలానికి చుట్టి కట్టాలి. స్తంభం కనీసం 75 సెంటీమీటర్లు లోతు పాతి, అడుగున అడ్డకర్ర బిగించండి, లేకపోతే తడిసిన ఇసుకలోంచి ముల్లంగిలా వస్తుంది. స్తంభాల మధ్య ఇంటూ ఆకారంలో కర్రలు వేస్తే పక్కకు ఒరగదు. నాలుగు వైపులా వాలిన కప్పు రెండు వాలుల కప్పు కంటే గట్టి. వాలు 30 డిగ్రీల చుట్టూ ఉండాలి. చూరు అర మీటరు దాటి బయటికి రాకూడదు. వరండా కప్పును ఇంటి కప్పుతో కలిపి వేయకండి, అది ఎగిరితే ఇంటి కప్పును కూడా లాక్కుపోతుంది. రేకుల కప్పుకు అంచుల్లో, కొప్పు దగ్గర ప్రతి మడతకూ స్క్రూ, మధ్యలో ఒకటి విడిచి ఒకటి. తాటాకు కప్పయితే పాత వల పరచి, చుట్టూ రాట్లకు లాగి కట్టండి. పారేసే వలకు ఇంతకంటే మంచి పని లేదు.

ఇంత చేసినా ఇది గాలికే. ఉప్పెన పట్టీ కింద ఉన్న గట్టి ఇల్లు చూసుకుని ఎవరూ ఉండిపోకూడదు. 1 ఘనమీటరు నీళ్లు 1 టన్ను బరువు.

నీళ్లు: అందరూ ఆలస్యంగా ఆలోచించేది

ఆశ్రయంలో తాగడానికే తక్కువలో తక్కువ మనిషికి రోజుకు 3 లీటర్లు. వంట, స్నానం, శుభ్రత కలిపితే అత్యవసర సాయంలో పాటించే కనీసం 15 లీటర్లు. 500 మందికి 3 రోజుల తాగునీరే 4,500 లీటర్లు. ట్యాంకు ఉప్పెన పట్టీకి పైన ఉండాలి, నింపి ఉండాలి. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లలో తేలి పోతుంది. ఇంటికి సన్నమూతి 20 లీటర్ల క్యాన్లు రెండు ఇవ్వండి. వెడల్పు మూతి బిందెలో చేతులు ముంచితే క్లోరిన్ వేసినా ఒకటే.

చేతి పంపులు మునుగుతాయనుకుంటే ముందే పిడి తీసి, తలను మందపాటి ప్లాస్టిక్‌తో గట్టిగా చుట్టి కట్టండి. రెండు నిమిషాల పని, నెలల మంచినీళ్లు కాపాడుతుంది.

వాన నీటి లెక్క తేలిక: 1 చదరపు మీటరు కప్పు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. 20 చదరపు మీటర్ల రేకుల కప్పుకు 10 మిల్లీమీటర్ల వానలో 200 లీటర్లు, కారేవి, ఆవిరయ్యేవి పోతే 160. మొదటి 20 లీటర్లు పక్కకు వదిలేయండి. పక్షి రెట్టలు, ఉప్పు దుమ్ము అందులో పోతాయి.

ఇక ఉప్పెనలో మునిగిన బావులు. సాయానికి వచ్చినవాళ్లు మంచి మనసుతో ఎక్కువ చెరుపు చేసేది ఇక్కడే. డీజిల్ పంపు తెచ్చి, నీళ్లు తియ్యబడే దాకా రోజూ తోడతారు. తీర ఇసుకలో మంచినీరు ఉప్పునీటి మీద పలచని పొరలా తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి 1 మీటరు పైన మంచినీటి మట్టం ఉంటే కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు ఉంటుందని లెక్క. పై మట్టాన్ని పంపుతో కిందికి లాగితే కింది ఉప్పు అంతకు ఎన్నో రెట్లు పైకి వస్తుంది. 2004 సునామీ తర్వాత శ్రీలంక తూర్పు తీరంలో ఇలా తోడి తోడి బావుల్ని ఇంకా ఉప్పగా చేసుకున్నారు, కొన్ని కూలిపోయాయి. సరైన పద్ధతి: చెత్త, బురద తీయడానికి ఒక్కసారి, నెమ్మదిగా తోడండి, గోడ ఒర చుట్టూ బీటలు పూడ్చండి, ఆపేయండి. మిగతాది వాన చేస్తుంది. ఆ లోగా తాగునీరు బయటి నుంచి రావాలి, ఆ బావి కడుగుడుకు పనికొస్తుంది.

క్లోరిన్ ఉప్పును తీయదు. మరిగిస్తే ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. క్లోరిన్ చేసేది క్రిముల పనే. బావిలో ఎన్ని లీటర్లో ఇలా లెక్కించండి: వ్యాసం × వ్యాసం × నీటి లోతు (అన్నీ మీటర్లలో) × 785. వ్యాసం 1.5, లోతు 4 అయితే సుమారు 7,065 లీటర్లు. తేట నీటికి 1,000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ 2.5 గ్రాములతో మొదలుపెట్టాలి, అంటే ఇక్కడ 18 గ్రాములు. మురికి నీటికి ఇంకా చాలా పడుతుంది. అరగంట తర్వాత క్లోరిన్ కిట్‌తో చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగలాలి. మిగలకపోతే మళ్లీ వేయాలి. పొడిని నేరుగా చల్లకండి. ముద్దగా కలిపి, బకెట్ నీళ్లు పోసి, 10 నిమిషాలు తేరనిచ్చి, పైతేట మాత్రమే ఇంకో బకెట్‌లోకి వంచి, దాన్ని బావిలో దించి పైకీ కిందికీ ఆడించాలి. అడుగు సున్నం బావిలో పడకూడదు. మూత తెరిచి నెలలైన పొడి, ఘాటు వాసన లేని పొడి వాడి లాభం లేదు.

మట్టినీళ్లలో క్లోరిన్ పని చేయదు, ముందు పటికతో తేర్చండి లేదా మందపాటి గుడ్డలో వడకట్టండి. ఇంట్లో అయితే 67 మిల్లీగ్రాముల క్లోరిన్ మాత్ర 20 లీటర్లకు, లేదా 5 శాతం ద్రావణం లీటరుకు 2 చుక్కలు, 30 నిమిషాలు ఆగాలి. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్లు. అవి దొరక్కపోతే 1 లీటరు శుభ్రమైన నీళ్లలో తలకొట్టిన 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు హాని, కాబట్టి కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు.

ఆశ్రయంలో మరుగుదొడ్లు మొదట 50 మందికి ఒకటి ఉన్నా, త్వరగా 20 మందికి ఒకటి చేయాలి. ఆడవాళ్లవి మగవాళ్ల వాటికి 3 రెట్లు. లోపలి గడియ, దీపం లేకపోతే ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, జబ్బు అలా మొదలవుతుంది.

తర్వాత ఇచ్చేవి

పాత బట్టలు పంపకండి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో అవి రోడ్ల పక్కన గుట్టలుగా కుళ్లాయి. బజారు తెరిచి ఉంటే నగదు మేలు, కుటుంబానికి ఏది కావాలో కుటుంబానికే తెలుసు. బజారు మూతపడితే 4 × 6 మీటర్ల టార్పాలిన్లు రెండు, 30 మీటర్ల తాడు, క్యాన్లు. బోట్లు పంచేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావాలి: 2004 తర్వాత చాలా చోట్ల వేట తెలియనివాళ్లకూ బోట్లు వచ్చాయి, నాసిరకం ఫైబర్‌వి అలలకు విడిపోయాయి. పోయిన బోట్ల లెక్క తేల్చి, బాగుచేయగలిగినవి ముందు బాగుచేయించండి.

మడ చెట్లు, ఇసుక దిబ్బలు

మడ అడవి మీద ఆశ అవసరం, భ్రమ వద్దు. 100 మీటర్ల మడ వరస మామూలు అలల ఎత్తును 13 నుంచి 66 శాతం దాకా తగ్గిస్తుంది. ఉప్పెన ఎత్తు మాత్రం ఒక కిలోమీటరు అడవికి 5 నుంచి 50 సెంటీమీటర్లే తగ్గుతుంది. అంటే ఒడ్డున రెండు వరసలు నాటి ఉప్పెన ఆగుతుందనుకోకూడదు. గట్టు కోతను, అలల దెబ్బను ఆపడానికి మాత్రం అది బాగా పనికొస్తుంది.

నాటేవాళ్లు పొరబడేది చోటు విషయంలో. ఫొటోకు అందంగా ఉంటుందని ఎప్పుడూ నీళ్లుండే బురద మైదానంలో పొడవాటి మొలకలు గుచ్చుతారు. ఫిలిప్పీన్స్‌లో ఇలా నాటిన చాలా చోట్ల పదింటికి ఒకటో రెండో మాత్రమే బతికాయి. మడ సహజంగా పెరిగేది సగటు సముద్రమట్టానికి పైన, మొత్తం కాలంలో మూడో వంతు కంటే తక్కువసేపు మునిగే చోట. పక్కన బతికి ఉన్న మడ అడుగు ఎత్తును లెవెల్ పైపుతో కొలిచి, అదే ఎత్తులో నాటండి. చాలాసార్లు నాటనే అక్కర్లేదు: పాడుబడ్డ చేపల చెరువు గట్టు తెగ్గొట్టి, పూడిన కాలువ తవ్వి పోటు నీళ్లు రానిస్తే విత్తనాలు వాటంతటవే వచ్చి మొలుస్తాయి.

ఇసుక తీరంలో దిబ్బే గోడ. దాన్ని కట్టి ఉంచేది బాలబంధి తీగ, రావణాసురుడి మీసాలు లాంటి పాకే మొక్కలు. ఇసుక తవ్వకం ఆపడం, బోట్లు లాగే దారిని నాలుగైదు చోట్ల కాక ఒక్క చోటుకు పరిమితం చేయడం, ఆ దారిని సముద్రం వైపు సూటిగా కాకుండా ఓరగా మలచడం చాలు. దిబ్బలో సూటి కోత ఉంటే ఉప్పెన మొదట అందులోంచే ఊళ్లోకి వస్తుంది.

ఉప్పు తిన్న పొలానికి ముందు కాలువ, ఆ తర్వాతే నీళ్లు. నీరు పోయే దారి లేకుండా మంచినీళ్లు నిలబెడితే ఉప్పు అక్కడే ఉంటుంది. పైన తెల్లగా పేరిన పొరను గీకి బయట పారేయాలి, దున్ని కలపకూడదు. 30 సెంటీమీటర్ల నేలలోంచి 30 సెంటీమీటర్ల మంచినీరు కిందికి ఇంకి పోతే 70 నుంచి 80 శాతం ఉప్పు కడుగుతుంది. ఇసుక నేల ఒక్క వానాకాలంతో కోలుకుంటుంది. బంకమట్టి బిగుసుకుపోయి నీరు ఇంకకపోతే జిప్సం కావాలి, ఎంతో మట్టి పరీక్షే చెప్పాలి.

తుఫాను కాలానికి నెల ముందు జాబితా పుస్తకం తిరగేయండి. గర్భిణులు మారి ఉంటారు, మోసేవాళ్లలో ఎవరో వలస పోయి ఉంటారు. ఆశ్రయం తాళం చెవి ముగ్గురి దగ్గర ఉండాలి, ఆ ముగ్గురూ ఊళ్లోనే ఉన్నారా అడగండి. బ్లీచింగ్ పౌడర్ వాసన చూడండి, మోకుల అరుగుదల చూడండి, రంగు పట్టీలు మళ్లీ వేయండి. అప్పుడు ఒక రాత్రి చీకటి పడ్డాక, నిజంగా మంచాన ఉన్నవాళ్ల బదులు అంత బరువున్న వలంటీర్లను మోస్తూ, ఆశ్రయం దాకా నడిచి చూడండి. ఒక్కో విడతకు పట్టిన సమయం రాసుకోండి. కాగితం మీద 11 గంటలన్నది 14 తేలితే, ఆ ఊరు మూడు గంటలు ముందే బయల్దేరాలి.